ఎర్ర వైర్ల సీసా బుట్ట

మా కాలనీలో పండగకు కొన్న వస్తువు ఇస్తే కొంచెం చిన్నచూపు చూసేవాళ్లు. "దుకాన్ల దొరికేది మాకు దొరకదా?" అని ముఖం మీదే అనేవాళ్లు. చేత్తో చేసిందే ఇవ్వాలి. రంజాన్‌కు పక్క క్వార్టర్ ఖాలా తన మిషన్ మీద గుడ్డముక్కలు అతికి, దిండు గలీబులు కుట్టి మాకు పంపేది. సద్దుల బతుకమ్మకు మా అమ్మ నువ్వుల సత్తు, పల్లీల సత్తు కొట్టి ఆమెకు పంపేది. ఇక గోదావరిఖనిలో ఏ ఇంటి నుంచి ఏ ఇంటికైనా, ఏ పండగకైనా చెల్లే కానుక ఒకటుండేది. వైరు బుట్ట.

ఆ వైర్లు అంగట్లో కొన్నవి కావు. గనిని మా వైపు బాయి అంటాం. బాయి లోపల బొగ్గు పేల్చడానికి పెట్టే తూటాలకు సన్నని రంగు వైర్లు ఉంటాయి. పేలిన తర్వాత అవి తెగి, మెలికలు తిరిగి బొగ్గులో పడి ఉంటాయి. ఎవరికీ అక్కర్లేని ఆ ముక్కల్ని మగవాళ్లు చుట్టలు చుట్టి ఇంటికి తెచ్చేవాళ్లు. ఆడవాళ్లం వాటిని సర్ఫు నీళ్లలో నానబెట్టి, మసి వదిలేదాకా గుడ్డతో రుద్ది, కిటికీ ఊచకు కట్టి బలంగా లాగి సాపు చేసేవాళ్లం. లోపలి తీగ కొస వేలికి గుచ్చుకుంటే రెండు రోజులు సలిపేది. అయినా ఆ పని నాకు ప్రాణం. వైరు బుట్ట, తలుపుకు తోరణం, దేవుడి పటానికి దండ, ఏదడిగితే అది అల్లేదాన్ని. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మా లైనులో నా అంత నున్నగా ముడి వేసేవాళ్లు లేరని నేనే చెప్పుకుని తిరిగేదాన్ని. ఎవరైనా కాదంటే ఊరుకునేదాన్ని కాదు. కోపం నాకు ముక్కు మీదే ఉండేది, ఇప్పటికీ అక్కడే ఉంది.

అమ్మకు మాత్రం ఏడాదికి ఒక్క అల్లికే ముఖ్యం. అది రాఖీ పున్నమకు తన తమ్ముడికి అల్లే సీసా బుట్ట.

మామ కాసిపేటలో బాయి పని చేసేవాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషీ నీళ్ల సీసా వెంట తీసుకుపోవాలి. లోపల ఉక్కకు గొంతు ఎండిపోతుంది. ఆ సీసా చుట్టూ వైర్లతో బుట్ట అల్లి, భుజాన వేసుకునేందుకు పట్టీ పెడితే రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. బొగ్గు నీళ్లకు, రాపిడికి బుట్ట ఏడాది కంటే ఎక్కువ ఆగదు. మామ పనిలో చేరిన ఏడాది మొదలుపెట్టి ప్రతి రాఖీకి అమ్మ కొత్తది అల్లి పట్టుకుపోయేది. అమ్మకు తల్లీ తండ్రీ లేరు. తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచింది తనే. పుట్టిల్లు అని చెప్పుకోవడానికి ఆమెకున్నది ఆ మామ ఇల్లొక్కటే.

ఆ ఇంటికి మా బాపు, అంటే మా నాన్న, రెండేళ్లుగా పోవడం మానేశాడు. బాపుది ఎర్రజెండా యూనియన్. మామది పసుపు జెండా. ఒక సమ్మెలో మామ వాళ్లు సమ్మె విడిచి ముందుగా డ్యూటీ ఎక్కారని బాపు పదిమందిలో నోటికొచ్చినట్టు తిట్టాడు. మామ తక్కువ తిన్నాడా? అంతకు రెండింతలు తిట్టాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎవరింట్లో చావు వచ్చినా పెళ్లి వచ్చినా ఒకరున్న చోట ఇంకొకరు ఉండేవాళ్లు కాదు. ఇద్దరి మధ్యా తెగకుండా మిగిలింది అమ్మ కట్టే రాఖీ, అమ్మ ఇచ్చే సీసా బుట్ట.

నేను చెప్పే ఏడాది తొంభైల చివర్లోది. బాయిల మీద యూనియన్ ఎన్నికలు. మా ఇల్లు ఇల్లులా లేదు. మంచం కింద ఎర్రజెండాల కట్టలు, తలుపు మూల ఎర్రరంగు డబ్బాలు, గోడలకు రాసే కుంచెలు. నా పుస్తకాల అట్టలు కూడా మిగిలిపోయిన ఎర్ర కరపత్రాలే. పొద్దస్తమానం ఎరుపు మధ్య తిరిగి తిరిగి మాకు అది కంటికి ఆనడమే మానేసింది. అసలు తప్పు అక్కడే జరిగింది.

రాఖీ వారంలో ఉందనగా అమ్మ బొటనవేలికి గోరుచుట్టు లేచింది. వేలు వాచి, అన్నం ముద్ద కలపడానికే ఏడ్చినంత పనైంది.

"జెర నువ్వే అల్లు బిడ్డా. మంచిగ అల్లాలె మరి, మీ మామ నలుగుర్ల ఏసుకొని తిరిగేది," అంది అమ్మ.

"నీకన్న మంచిగ అల్లుత, చూస్తుండు," అన్నాను. వినయం అనేది నాకు తెలియని విద్య.

ఎప్పుడూ అమ్మ తెలుపూ నీలమూ కలిపి అల్లేది. నేను వైర్ల గంపలో చెయ్యి పెట్టేసరికి ఆ రెండూ గుప్పెడు గుప్పెడే ఉన్నాయి. ఆ నెల బాపు పనిచేసే చోట పడ్డవన్నీ ఎర్ర వైర్లే. గంప నిండా మంకెనపూలు పోసినట్టు ఉన్నాయి. అబ్బ, ఎంత ముద్దొచ్చాయో! సీసాను ఒళ్లో పెట్టుకుని, అడుగు నుంచి ముడి మీద ముడి వేసుకుంటూ నాలుగు సాయంత్రాలు అల్లాను. ఒక్క వైరు కొస బయటికి కనిపించలేదు. పట్టీని మూడు వరసల జడ వేసి బిగించాను. మొత్తం ఎరుపే. అమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "నాకన్న మంచిగనే కుదిరింది పో," అంది. అమ్మ నోటి నుంచి ఆ మాట రావడం మామూలు విషయం కాదు, నేను గాల్లో తేలిపోయాను. బాపు కూడా చూశాడు. చేతిలో కరపత్రాల కట్టతో బయటికి పోతూ, "మంచిగున్నది," అని పోయాడు. ముగ్గురం కళ్లతో చూశాం. ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

పున్నమ రోజు పొద్దున్నే బుట్టను పేపర్లో చుట్టుకుని, గోదావరి దాటి, మంచిర్యాల బస్టాండులో బస్సు మారి కాసిపేట చేరాం. మామ ఇంటి ముందు అరుగు మీద పది పదిహేను మంది కూర్చుని ఉన్నారు. అందరి మెడలో పసుపు కండువాలు. మామ ఆ బాయి మీద వాళ్ల యూనియన్‌కు కార్యదర్శి. నడుమ కుర్చీలో ఆయన, చుట్టూ చాయ్ గ్లాసులు.

"రా అక్కా, నీ కోసమే చూస్తున్న. డ్యూటీ గూడ పోలె," అని మామ లేచి వచ్చాడు.

అమ్మ అందరి ముందే బొట్టు పెట్టి రాఖీ కట్టింది. నోట్లో మిఠాయి పెట్టింది. వాచిన వేలితోనే పేపరు విప్పి, బుట్ట తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఈసారి నీ కోడలే అల్లింది, చూడు," అంది గర్వంగా. నేను మెచ్చుకోళ్ల కోసం ముందుకు జరిగాను.

ఒకతను చాయ్ గ్లాసు కింద పెట్టి, "అన్నా, మీ బావ జెండా పంపిండే!" అన్నాడు. ఇంకెవరో కిసుక్కున నవ్వారు.

అప్పుడు కనిపించింది నాకు. ఆ పసుపు కండువాల నడుమ, మామ చేతిలో, నేను అల్లిన ఎరుపు. అమ్మ ముఖం చూశాను. రక్తం చుక్క లేదు. మామ బుట్టను ఒకసారి చూశాడు, అమ్మను చూశాడు. లోపలికి పోయి తలుపు వెనక మేకుకు తగిలించి వచ్చి, "అక్కా, అన్నం తిని పో," అన్నాడు. అంతే.

వంటింట్లో అత్త పళ్లెం పెడుతూ గొంతు తగ్గించి అడిగింది. "వదినా, తప్పనుకోకు. కావాల్ననే తెచ్చిన్రా? ఇంట్ల అన్నయ్య ఏమన్న చెప్పిండా?"

"నా తమ్ముని మీద ఒట్టు. నాకు తోచలేదే," అంది అమ్మ. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది.

మంచిర్యాల బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక అమ్మ నోరు విప్పింది.

"గంత ఎర్రగ ఎందుకల్లినవే? నీకు కండ్లు లేవా? వాని ఇజ్జత్ తీసి అందరి ముందట పెట్టినం గదా. వాడు నన్ను మల్ల రమ్మంటడా? నా పుట్టింటి తొవ్వ మూసినవ్ గదనే!"

"నువ్వు చూడలేదా? మంచిగున్నదన్నవ్ గద!" అని నేనూ అరిచాను. చుట్టూ జనం చూశారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, "అవ్, నా కండ్లు ఏం మేసినయో," అంది. అమ్మ ఏడవడం నేను చాలాసార్లు చూశాను గానీ నా వల్ల ఏడవడం అదే మొదలు. నా కోపమంతా దిగిపోయింది. ఇంటికి వచ్చాక బాపుకు ఇద్దరం ఏమీ చెప్పలేదు.

తర్వాత అమ్మ రోజూ కాసిపేట వైపు నుంచి కబురు వస్తుందేమోనని చూసింది. అటు నుంచి ఎవరు వచ్చినా వాకిట్లోకి పోయి, "మా తమ్ముడు కనవడ్డడా?" అని అడిగేది. పదిహేను రోజుల తర్వాత కబురైతే వచ్చింది గానీ, వచ్చింది బాపు యూనియన్ పెద్దమనిషి నోటి నుంచి. ఆయన మా ఇంట్లో కూర్చుని ఎన్నడూ లేనంత హుషారుగా చెప్పాడు.

"నీ బామ్మర్ది రోజూ ఎర్ర సీసా భుజానేసుకొని డ్యూటీకి పోతుండట! ఆళ్ల యూనియనోళ్లు ఇడిచిపెట్టుమన్నరట. ఈయన ఇనలేదట. 'జెండ యూనియన్‌ది, సీస మా అక్కది' అన్నడట. గంతే, కార్యదర్శి పదవి తీసేసి ఇంకోనికి ఇచ్చిన్రట. ఇగ మనకు పండుగే. బామ్మర్ది మన దిక్కు వచ్చిండని కరపత్రం కొడదాం. ఈ చెల్లె గూడ మీటింగుల ఒక్క మాట చెప్తే సాలు," అని అమ్మ వైపు చూశాడు.

బాపు మొదట నవ్వాడు. నిజం చెప్పాలి కదా, ఆయన ముఖం వెలిగిపోయింది. "మా వాడు మారిండా?" అన్నాడు. అంతలోనే, "సీసా ఎవలిచ్చిన్రు?" అని మా వైపు తిరిగాడు.

నేను చెప్పాను. అంతా చెప్పాను. అరుగు, కండువాలు, మేకు, బస్టాండు. చెబుతూ వెక్కిళ్లు పెట్టాను.

అమ్మ బయటి మనుషుల ముందు మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు వంటింటి గడప దాటి వచ్చి నిలబడింది. "వాడు మోస్తున్నది నా కోసం. మీ జెండ కోసం గాదు. దాన్ని పేపర్ల ఎక్కిచ్చిన్రంటే నేను ఈ ఇంట్ల ఉండ," అంది.

పెద్దమనిషి బాపు ముఖం చూశాడు. ఎన్నికల్లో కాసిపేట బాయి తమ వైపు తిరగాలని బాపు ఎంత తిరిగాడో నాకు తెలుసు. కాళ్లు పగుళ్లు పట్టాయి. ఒక్క కరపత్రంతో ఆ పని అయ్యేలా ఉంది.

"వద్దన్నా," అన్నాడు బాపు. "వాడు మారలె. అబద్ధం రాయద్దు. రాస్తే నేనే మీటింగుల లేచి కాదని చెప్త."

పెద్దమనిషి చాయ్ తాగకుండానే లేచి పోయాడు.

ఆ మర్నాటి నుంచి బాపు డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు జేబులో పసుపు వైరు ముక్కలు తేవడం మొదలుపెట్టాడు. తన దగ్గర ఎరుపే పడుతోంది కాబట్టి వేరే చోట పనిచేసే వాళ్లను అడిగి, రోజుకు నాలుగు ముక్కలు, ఐదు ముక్కలు తెచ్చేవాడు. గంపలో వేసి ఏమీ చెప్పకుండా స్నానానికి పోయేవాడు. ఒక బుట్టకు సరిపడా పోగయ్యాక, "సీసా బుట్ట అల్లు బిడ్డా. ఒక్క ఎర్ర ముక్క గూడ రావద్దు," అన్నాడు.

మామకు పంపడానికే అనుకున్నాను. నా తప్పు దిద్దుకునే వీలు దొరికిందని ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ముక్కలు పొట్టివి కాబట్టి అతుకులు ఎక్కువ వచ్చాయి. మొదటి బుట్ట అంత నున్నగా కుదరలేదు. రెండుసార్లు విప్పి మళ్లీ అల్లాను. వేళ్లు గుచ్చుకుని చిల్లులు పడ్డాయి.

అది పూర్తయిన మర్నాడు బాపుకు మొదటి షిఫ్టు. చెప్పులేసుకుని, తన నీళ్ల సీసాను ఆ పసుపు బుట్టలో పెట్టి, భుజాన తగిలించుకుని వాకిట్లోకి దిగాడు.

అమ్మ కంగారుగా వెనకే పోయింది. "ఇదేందయ్యా! అది వానికి గాదా? మీవోళ్లు ఊకుంటరా?"

"ఊకోకుంటే ఏం జేస్తరు? నీళ్లు తాగే సీసనే గదా," అని బాపు వెళ్లిపోయాడు. అమ్మ గేటు పట్టుకుని ఆయన మలుపు తిరిగేదాకా చూసింది. ఆ రోజంతా నాకు బడిలో పాఠం తలకెక్కలేదు.

వాళ్లు ఊరుకోలేదు. ఆ సాయంత్రం నుంచే బాయి గేటు దగ్గరి మీటింగుల్లో బాపుకు మైకు ఇవ్వడం మానేశారు. మా ఇంటికి వచ్చిపోయే వాళ్లు తగ్గారు. మంచం కింది జెండాల కట్టలు ఎవరో వచ్చి పట్టుకుపోయారు. బాపు మనసు నొచ్చుకుంది. ఇరవై ఏళ్ల యూనియన్ అది. అన్నం దగ్గర కూర్చుని మెతుకులు కెలికేవాడు. అయినా పొద్దున లేస్తే ఆ పసుపు బుట్టే భుజాన వేసుకునేవాడు. నాకు ఆయన్ను చూస్తే ఏడుపు వచ్చేది, గొప్పగానూ ఉండేది.

అలా ఒక వారం గడిచిందో లేదో, ఒక ఆదివారం మధ్యాహ్నం మా గేటు ధడేలుమని తెరుచుకుంది. మామ. రాత్రి షిఫ్టు దిగి అటునుంచటే బస్సెక్కినట్టున్నాడు, చెవుల సందుల్లో బొగ్గు అలాగే ఉంది. భుజాన నేను అల్లిన ఎర్ర బుట్ట. అప్పటికే పట్టీ దగ్గర మసిబారింది. గుమ్మంలోనే నిలబడి అరవడం మొదలుపెట్టాడు.

"బావా, నీకేమన్న బుద్ధున్నదా? నా పేరు ఖరాబైంది సాలదా? నువ్వు గూడ ఖరాబ్ జేసుకుంటవా? నిన్ను మైకు దగ్గరికి గూడ రానిస్తలేరట గదా! ఎవడు ఏసుకోమన్నడు నిన్ను పసుపు సీస?"

రెండేళ్లలో మామ బాపుతో మాట్లాడిన మొదటి మాట అది.

బాపు మంచం మీద నుంచి లేవలేదు. మామను పైనుంచి కిందిదాకా చూశాడు. ఎర్ర బుట్ట దగ్గర ఆయన చూపు కాసేపు ఆగింది. "నిన్నెవడు ఏసుకోమన్నడో వాడే," అన్నాడు. "ఒర్రుడు ఆపి కాళ్లు కడుక్కపో. ఎండల వచ్చినవ్."

నేను చెంబుతో నీళ్లిచ్చాను. చెంబు అందుకుంటూ మామ నా నెత్తిన ఒక్క మొట్టికాయ వేశాడు. నొప్పి పుట్టేలాగే వేశాడు. అంత హాయి నాకు ఆ రాఖీ రోజు నుంచి ఎప్పుడూ కలగలేదు.

వంటింట్లో అమ్మ అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీస్తోంది. వెలిగించబోయిన ప్రతి పుల్లా ఆమె చేతిలోనే ఆరిపోతోంది. నేను పోయి పొయ్యి ముట్టించాను. ముందు గది నుంచి బాపు గట్టిగా కేకేశాడు.

"ఏమే, చాయ్‌ల చక్కెర ఎక్కువెయ్యి. వాడు తీపి లేంది తాగడు."

"నా తమ్ముని సంగతి నాకే చెప్తున్నవా!" అని అమ్మ ఇంకా గట్టిగా అరిచింది. అరుస్తూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చక్కెర డబ్బా మూత నేనే తీయాల్సి వచ్చింది.

చాయ్ తీసుకుని నేను ముందు గదిలోకి వెళ్లేసరికి ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని, ఆ పాత సమ్మెలో ముందు డ్యూటీ ఎక్కింది ఎవరని మళ్లీ కొట్లాట మొదలుపెట్టారు. ఒకరి మాట ఒకరు పడనివ్వడం లేదు. అమ్మ గడపలో చతికిలబడి, ఒకసారి ఈయన ముఖం, ఒకసారి ఆయన ముఖం చూస్తూ చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత లేచి, అడక్కుండానే రెండోసారి చాయ్ పెట్టింది.